నీలం తిరిగిన కత్తి

ఆత్మకూరు,
9-11-79, శుక్రవారం.

మా కరీంబీ అబ్బాగారికి,

వజీరున్నీసా సలాములు. ఇక్కడ అత్తమ్మా, పాపా, నేనూ ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. మీరు కూడా జ్వరం, దగ్గు లేకుండా ఉన్నారని అల్లాను నమ్ముకుని ఈ ఉత్తరం మొదలు పెడుతున్నాను. ఒంట్లో అని ఎందుకు రాశానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మధ్యలో మడిచి దిండు కింద పెట్టవద్దు. మీ సంగతి నాకు తెలుసు. కోపం వస్తే సగం అన్నంలో లేచిపోయే మనిషి, సగం ఉత్తరంలో లేవడని ఏం నమ్మకం?

మీ ఉత్తరం బుధవారం అందింది. ముందు మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మన పాప కరీంబీకి కింద రెండు పళ్ళు వచ్చాయి. ఏది దొరికితే అది కొరుకుతోంది. నిన్న అత్తమ్మ వేలు పట్టి కొరికితే ఆమె అరవకపోగా మురిసిపోయింది. "వీళ్ళబ్బా గూడా ఇట్లానే కొరికినాడు నన్ను" అని వీధిలో నలుగురికీ ఆ వేలు చూపించి వచ్చింది. ఎవరి పోలిక అని మీరు అడగడం ఇది మూడోసారి. ముక్కు మీది, మొండితనమూ మీదే. జుట్టు మాత్రం ఎవరిదో తెలియదు. అంత ఒత్తు జుట్టు మీ ఇంట్లోనూ లేదు, మా ఇంట్లోనూ లేదు. ఎనిమిది నెలలకే చెవులు దాటింది. కళ్ళలో పడుతుంటే నూలుదారంతో నడినెత్తిన పిలక కడుతున్నాను. మీరు చెప్పినట్టే కత్తెర తగలనివ్వలేదు.

అత్తమ్మ మోకాలి నొప్పి అట్లానే ఉంది. ఆముదం వెచ్చచేసి రుద్దుతున్నాను. సైకిల్ షాపు పెంచలనరసయ్య అన్న మీ సంగతి అడుగుతూనే ఉన్నాడు. మీరు గడ్డాలు గీసే పంచలో ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. మీ కుర్చీ మీద పాత టైర్లు పెట్టాడు, అంతే. నేను అటు పోతే "జానీ బాషా వచ్చినాకనే ఈ టైర్లు దిగేది" అంటాడు. ఇది నిజమే రాస్తున్నాను. నిజమేనని విడిగా ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా ముందు ముందు తెలుస్తుంది. మా అబ్బా ఉదయగిరి నుంచి కొయ్య ముక్కలు పంపుతున్నాడు. చెంచాలు, దువ్వెనలు చెక్కి తిరిగి పంపుతున్నాను. ఇల్లు నడుస్తోంది. దాని గురించి మీరు ఆలోచించకండి.

ఇక మీ నాయన మంగలికత్తి ఎట్లా ఉందని అడిగారు. అది తర్వాత రాస్తాను. ముందు మీరు రాసిన ఇంకో మాట గురించి మాట్లాడాలి.

పదహారో తేదీ శుక్రవారానికి ఇంటికి వచ్చేస్తానని రాశారు. పీర్ల నెల పుట్టకముందే పాప తల గొరిగి అఖీఖా చేయాలని, డాక్టరు సంతకం పెట్టినా పెట్టకపోయినా క్షయ ఆసుపత్రి గేటు దాటి వస్తానని రాశారు. మార్చిదాకా అక్కడే ఉండాలని డాక్టరు చెప్పాడు కదా. ఇంకా నాలుగు నెలల సూదులు, మాత్రలు మిగిలి ఉన్నాయి. "నాలుగు నెలలు ఎక్కువైతే ఏమి, తక్కువైతే ఏమి, మా నాయన కత్తి చేతిలోకి వస్తే నేను మళ్ళీ మనిషినవుతాను" అని రాశారు. ఆ ముక్క చదివి పొయ్యి ముందు కూలబడ్డాను. అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

మీ ఇంటి మాట నాకు తెలియనిది కాదు. ఈ ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా తొలి వెంట్రుకలు తండ్రే తీయాలి, అదీ మీ నాయన మద్రాసు నుంచి తెచ్చిన ఆ కత్తితోనే తీయాలి. మీ తలా అట్లాగే గొరిగారు, మీ తమ్ముడి తలా అట్లాగే గొరిగారు. ఏడో రోజున చేయవలసినది ఎనిమిది నెలలుగా ఆపుకున్నది అందుకే. మీ మీద ప్రేమ లేక వద్దంటున్నానని అనుకోకండి. మీరు జనవరిలో బస్సెక్కిన రోజు నా కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. దాని ముఖం మీరు ఇంకా చూడలేదు. మీరు వస్తున్నారంటే నాకు సంతోషం ఉండదా?

కానీ రెబెకమ్మ నర్సు నిన్న పాపను చూడడానికి వచ్చింది. మధ్యలో మందు మానేస్తే ఏమవుతుందని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆమె చీటీలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "కలువాయి మనిషి ఒకడు ఉండె. మూడు నెలలుండంగా బాగైపోయినానని వచ్చేసినాడు. కండపట్టి, నవ్వుకుంటా తిరిగినాడు. మళ్ళీ ఏడు తిరగంగానే పడినాడు. ఈసారి ఆ మందులే పని చెయ్యలా. వాడి పెండ్లాం ఇప్పుడు నా దగ్గరికొచ్చి ఏడుస్తా ఉండాది, నేనేం చేసేది?" అంది. ఆ తర్వాత పాప తల నిమిరి, "మీ ఆయన్ను రానీయొద్దు" అంది. నేను మీ పేరే ఎత్తలేదు. ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

అందుకే ఇప్పుడు కత్తి సంగతి రాస్తున్నాను. రాయకుండా ఉండాలనే అనుకున్నాను. మార్చిలో మీరు ఆరోగ్యంగా వచ్చాక, కడుపునిండా తిన్నాక, పాపను ఒళ్ళో పెట్టి చెబుదామనుకున్నాను. ఇప్పుడు దాస్తే మీరు ఆ కత్తి కోసం బస్సెక్కుతారు. చెబితే బతకాలన్న ఆశే వదిలేస్తారేమోనని భయం. రెండు రోజులుగా ఈ రెండు భయాల మధ్య నలిగిపోయాను. ఆఖరికి చెప్పడమే మేలనిపించింది. 

మీకు తెలిసినంతవరకు ఇది. పంచలో గడ్డం గీస్తూ మీరు రక్తం కక్కుకుని పడిన రోజు కత్తి రాతిమెట్టు మీద పడింది. కొమ్ము పిడి ఒక పక్క నిలువునా చీలింది. మీరు దానికి దారం చుట్టి, నూనె పూసి, పనిముట్ల పొదిలో పెట్టి వెళ్ళారు. మీకు తెలియనిది, మే నెల తుఫానుకు మన కప్పు కారి పొది తడిసింది. పాపతో, అత్తమ్మతో నేను మూలన ముడుచుకుని కూర్చున్నాను. పొది గుర్తే రాలేదు. జూన్‌లో విప్పి చూస్తే కత్తి తుప్పు పట్టి ఉంది. పిడి రెండో పక్క పురుగు తిని జల్లెడైంది.

ఆగస్టులో పాపను తీసుకుని ఉదయగిరి పోయాను. మా అబ్బా కత్తిని వెలుతురులో తిప్పి చూసి, "నలభై ఏండ్లు నూరి నూరి సగం అరిగిపోయినాదిమ్మా. ఉన్న సగమన్నా కాపాడుకోవాల" అన్నాడు. ఆయనకు చూపు తగ్గింది కదా, పని నేనే చేశాను. కిరసనాయిలులో రెండు రోజులు నానబెట్టి, మెత్తటి ఇటుకపొడితో తుప్పు తీశాను. అంచుకు గుడ్డ కూడా తగలకుండా, వెన్ను వైపు నుంచే రుద్దాను. కత్తి మొదట్లో, పిడి దగ్గర మీ నాయన కొట్టించుకున్న నెలవంక గుర్తు బయటపడితే నేనూ, అబ్బా చూసి చూసి మురిసిపోయాం. పిడికి దుర్గం కొండ నర్ది కొయ్య ఎంచాను. రెండు పల్చటి చెక్కలు కోసి, ఆకురాయితో రుద్ది, పాత పెట్టె ఇత్తడి మేకులు కోసి బిగించాను. మీ అరచేయి ఎంత ఉంటుందో నా అరచేతిలో గుర్తుంది. ఆ కొలతకే వంపు తీశాను. అట్లాంటి పని నా జన్మలో చేయలేదు, ఇక చేయను కూడా.

తర్వాత మా ఇంట్లో చెంచాలకు చేసినట్టే చేశాను. మీరు పెళ్ళికి వచ్చినప్పుడు చూశారు, నవ్వారు కూడా. చెక్కిన చెంచాకు నూనె పట్టించి వేడి బూడిదలో పెడతాం. కొయ్యలో తడి పోయి, రంగు తేలి, గట్టిపడుతుంది. మా తాతల నుంచీ అంతే. పిడి బూడిదలో ఉంచి, కత్తిని తెరిచి బయటికి పెట్టాను. బయట అంటే పక్కనే నిప్పులు ఉన్నాయి. కత్తి అలుగు, అంటే కోసే రేకు, నిప్పుల మీద పడింది. చూశాను. చూసి కూడా తీయలేదు. ఇనుముకు నిప్పు ఏం చేస్తుంది, నిప్పులో పుట్టిందే కదా అనుకున్నాను. మా ఇంట్లో అందరం కొయ్య మనుషులం. ఆ పూట అబ్బా పక్కనే కూర్చుని పాపను ఆడిస్తున్నాడు. ఆయనకూ అనుమానం రాలేదు.

తీసి తుడిస్తే అలుగు నెమలి మెడలాగా నీలంగా మెరిసింది. అది చూసి నేను సంబరపడ్డానంటే మీరు నమ్ముతారా? మీకు తెచ్చి చూపించాలనిపించింది. "కత్తి కొత్తదానికంటే అందంగా ఉంది, వచ్చి చూస్తే మీరే గుర్తుపట్టరు" అని రాసిన ఆగస్టు ఉత్తరం అబద్ధం కాదు. అప్పుడు నిజంగానే అట్లా అనుకున్నాను.

ఆ తర్వాత రాసిన రెండు ఉత్తరాలు అబద్ధం.

సెప్టెంబరులో ఒక పగలు అత్తమ్మ నమాజులో ఉండగా రాయి తీసి, మీరు నూరే తీరు గుర్తు చేసుకుంటూ నూరాను. తోలుపట్టీ మీద తిప్పాను. నా వెంట్రుక ఒకటి పీకి పెడితే తెగలేదు. మళ్ళీ నూరాను. అంచు రేకులాగా పక్కకు ఒరుగుతోంది తప్ప నిలవడం లేదు. నాకు చేతకాక అనుకున్నాను. నాలుగు రోజులు నూరాను. ఉన్న సగంలో ఇంకొంత అరిగింది కానీ పదును రాలేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే అత్తమ్మ చెవిన పడుతుంది. ప్రతి శుక్రవారం ఆమె పొదికి సాంబ్రాణి పొగ వేసి, మీ పేరు చెప్పి దువా చేస్తుంది. ఆ పొగలో కళ్ళు మండుతున్నట్టు నటించి ఏడ్చేదాన్ని. మీకు మాత్రం "కత్తి అద్దంలా ఉంది" అని రాశాను.

బక్రీదు అయ్యాక మొన్న సోమవారం పుట్టింటికని చెప్పి మళ్ళీ ఉదయగిరి పోయాను. మంగళవారం కమ్మరి సిద్ధయ్య మామకు కత్తి చూపించాను. ఆయన గోటితో అంచు గీకి, నా వైపు చూశాడు.

"ఎవరమ్మా దీన్ని నిప్పుల్లో పెట్టింది?"

"నేనే మామా. పిడి గట్టిపడేదానికి."

"కొయ్యకు నిప్పు మంచిదే గానీ ఉక్కుకు బిగి పోతాదమ్మా. ఈ నీలం ఉండాది చూసినావా, అదే గుర్తు. ఇంక నువ్వు నూరినా, నేను నూరినా ఇది నిలవదు."

మళ్ళీ బిగి ఎక్కించలేవా అని కాళ్ళ మీద పడినంత పని చేశాను.  "గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసినాను గానీ ఇంత పల్చటి ఉక్కు నేనెప్పుడూ ముట్టలా. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాల. నిలిస్తే నిలస్తాది, లేకుంటే పగలతాది. నన్ను మాత్రం అనొద్దు" అన్నాడు. చేయమన్నాను. ఆయన తప్పేమీ లేదు, మా అబ్బా తప్పూ లేదు. పిడి విప్పి ఇచ్చింది నేను, చేయమన్నది నేను. నూనెలో ముంచగానే 'టిక్' మని చిన్న చప్పుడు వచ్చింది. నెలవంక గుర్తు పక్కనే అడ్డంగా విరిగింది. సిద్ధయ్య మామ రెండు ముక్కలూ గుడ్డలో పెట్టి ఇచ్చి, కొలిమి ఆర్పేసి లోపలికి పోయాడు.

మీ నాయన కత్తిని నేను చంపాను. ఇదీ సంగతి. మీరు ఎన్ని మాటలు అన్నా పడతాను.

బుధవారం ఆ ముక్కలు కొంగున కట్టుకుని ఆత్మకూరులో బస్సు దిగేసరికి మీ ఉత్తరం వచ్చి ఉంది. ముక్కలూ పిడీ అత్తమ్మ చూడకుండా మళ్ళీ పొదిలోనే దాచాను.

ఇంకో సంగతి రాయాలి. ఈ రోజు శుక్రవారం కదా. నేను బావి దగ్గర ఉండగా అత్తమ్మ సాంబ్రాణి వేయడానికి పొది తీసింది. ఎప్పుడూ పైన పొగ వేసి ఊరుకునేది, ఈ రోజు మూట విప్పింది. మీ ఉత్తరం వచ్చింది కదా, కొడుకు కత్తి ఒకసారి కళ్ళారా చూద్దామనిపించిందట. నేను బిందెతో లోపలికి వచ్చేసరికి ఒళ్ళో పిడి ఒక పక్క, రెండు ముక్కలు ఒక పక్క పెట్టుకుని కూర్చుని ఉంది. బిందె దించకుండానే అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"వాడు ఏం రాసినాడో చదువు" అంది.

చదివాను. శుక్రవారానికి వస్తానన్న చోట ఆమె ముఖం ఎట్లా విచ్చుకుందో మీకు చెప్పలేను. పది నెలలుగా గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్న మనిషి. ఆ తర్వాత డాక్టరు సంతకం సంగతి చదివాను. రెబెకమ్మ చెప్పిన కలువాయి మనిషి సంగతి చెప్పాను. అత్తమ్మ ఆ ముక్కలను గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

"రావద్దని రాయి" అంది.

"మరి పాప వెంట్రుకలో అత్తమ్మా? ఆ కత్తితోనే తీయాలని కదా మీ ఇంటి మాట?"

"వాళ్ళ నాయనకు ఆ కత్తి రాకముందు మా మామ ఏ కత్తితో తీసినాడంట? తండ్రి చెయ్యి తగలాల, అంతే. చెయ్యి లేకుంటే కత్తి పెట్టుకోని నేనేం చేసుకునేది?" అంది. అని పైకే ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేనూ ఏడ్చాను. మమ్మల్ని చూసి పాప ఏడ్చింది. ఆఖరికి దాన్ని ఊరుకోబెట్టడానికి మేమిద్దరం ఊరుకున్నాం.

మీరు నన్ను నమ్మరని తెలుసు. రెండు నెలలు అబద్ధం రాసిన ఆడది ఇప్పుడు నిజం రాస్తే ఎవరు నమ్ముతారు? మిమ్మల్ని అక్కడే ఆపడానికి కత్తి పోయిందని కల్పించి రాశానని అనుకుంటారు. అందుకే విరిగిన ముక్కలు రెండూ, పిడీ రేపు రిజిస్టరు పార్సెల్‌లో పంపుతున్నాను. నెలవంక గుర్తు మీకు తెలుసు, చూసుకోండి. ఇంటికి వచ్చి చేతిలోకి తీసుకోవడానికి ఇక్కడ ఏ కత్తీ లేదు. పిడి మాత్రం పట్టుకుని చూడండి. అది మీ చేతికి సరిపోతుంది. దాని మేకు ఒకటి బిగించకుండా వదిలేశాను. మార్చిలో డాక్టరు సంతకం పెట్టాక, వచ్చే దారిలో మీకు నచ్చిన అలుగు మీరే కొనుక్కుని వేసుకోండి. దాన్ని నేను పొయ్యి దరిదాపుల్లోకి కూడా తీసుకుపోను.

అప్పటిదాకా పాప జుట్టు ఎవరినీ ముట్టనివ్వను. భుజాలు దాటినా సరే, రెండు జడలు వేస్తాను. వీధిలో వాళ్ళు నవ్వితే నవ్వుకోనీ.

ఆశ వదిలేయకండి. నన్ను తిట్టుకోవడానికైనా బతకండి. ఒక్క మాట వినండి. పదహారో తేదీ మీరు ఈ గడపలోకి వస్తే నేను తలుపు తీయను. పాపను చూపించను. మీరు వీధిలో నిలబడి పిలిచినా, లోపల నేను చచ్చిపోతున్నా, తీయను. రావద్దు.

ఈ మాట నా ఒక్కదానిది కాదు. అత్తమ్మ మళ్ళీ చదవమంటే ఉత్తరం అంతా చదివి వినిపించాను. "చివర్న రావద్దని రాసినావు గదా, ఆ మాట యాడుండాదో చూపించు" అంది. చూపించాను. అత్తమ్మే పాప కాటుక డబ్బీ తెచ్చి, తన బొటనవేలు అద్ది, ఆ మాట పక్కనే వేసింది. కాటుక కదా, కొంచెం అలుక్కుపోయింది. అలుక్కుపోయినా అది మీ అమ్మ వేలే. కింద పక్కన చిన్న గాటు ఉంది చూడండి, అది మీ కూతురు నిన్న కొరికిన చోటు.

ఇట్లు,
తలుపు వెనకాల మీ కోసమే ఉన్న,
మీ కరీంబీ అమ్మ,
వజీరున్నీసా.